గొర్రె గేటు

షాద్‌నగర్‌లో నాగరాణి అనే అమ్మాయి రెండు వందల గొర్రెలకు లెక్కలు నేర్పి, వాటిచేత ఒక సిమెంటు రైలును ఆపించింది. నమ్మనివాళ్ళు ఇప్పుడే లేచి వెళ్ళిపోవచ్చు.

లేచినవాళ్ళు మళ్ళీ కూర్చోండి. రెండు వందలు అన్నది నోటికి వచ్చిన అంకె. ఆ రోజు నిలబడి ఎంచే తీరిక ఎవరికీ లేదు. లెక్కలు నేర్చుకున్నది గొర్రెలు కాదు, నాగరాణే. రైలు సంగతి కూడా కొంచెం సర్దుకోవాలి, అది అప్పటికింకా బయలుదేరలేదు. కానీ గొర్రెలు మాత్రం వచ్చాయి. ఆమె పనిచేసే కంపెనీ ముందున్న పచ్చిక మళ్ళీ పచ్చబడడానికి ఒక వానకాలం చాలలేదు.

నాగరాణిది మోత్కూరు పక్క ఊరు. తండ్రి ఐలేశం గొర్రెలు కాస్తాడు, వాన పడ్డ ఏడాది ఇంత కంది, ఇంత పత్తి వేస్తాడు. పిల్లలకు ఆయన చెప్పిన నీతి ఒక్కటే: మందను నడుమ కొయ్యరాదు. ముందు నడిచే గొర్రె బాట దాటిందంటే మంద మొత్తం దాటినట్టే. మధ్యలో అడ్డం పడితే వెనకున్నవి ఆగవు, ముందుపోయినవాటి కోసం ఏ చక్రం కిందికైనా దూకుతాయి. బడికి పోయే వయసులో నాగరాణి ఒకసారి ఆలేరు పోయే బస్సుకు ఎదురుగా చేతులు చాచి నిలబడింది. డ్రైవరు హారన్ మోగించాడు, తిట్టాడు, బస్సును ఆమె లంగా అంచు దాకా జరిపాడు. ఆమె కదలలేదు. ఆఖరి గొర్రె దాటాక "ఇగ పో అన్నా" అని తప్పుకుంది. అప్పటినుంచి ఆ మలుపు దగ్గర బస్సు తనంతట తానే ఆగేదని ఊళ్ళో చెబుతారు. ఆగేది బస్సు కాదు, డ్రైవరే. ఊళ్ళోవాళ్ళకు కొంచెం పెంచి చెప్పే జబ్బు ఉంది.

తెలంగాణ రాష్ట్రం వచ్చిన ఏడాది ఆమె ఇంజనీరింగులో చేరింది. తరువాత హైదరాబాదులో పై చదువు చదివి, ఊళ్ళో ఎవరి నోరూ తిరగని ఒక విద్య పట్టుకుంది. ఫార్మల్ వెరిఫికేషన్ అంటారు. రైలు గేటు, దవాఖానలో ఊపిరి ఆడించే యంత్రం, మందుల ఫ్యాక్టరీలో బాయిలరు, ఇలా తప్పు చేస్తే ప్రాణం తీసే యంత్రాల లోపల ఒక ప్రోగ్రాము ఉంటుంది. ఆ ప్రోగ్రాము ఎప్పటికీ, ఏ పరిస్థితిలోనూ ప్రమాదకరమైన పని చేయదని గణితంతో రుజువు చేయడం ఆమె పని. యేసు గాయంలో వేలు పెట్టి చూస్తేగాని ఆయన తిరిగి లేచాడని నమ్మనన్న శిష్యుడు తోమాను కాన్వెంటు సిస్టర్లు పిల్లలకు తప్పు చేసినవాడిగా చూపిస్తారు. నాగరాణి పనిలో మాత్రం ఆయనే గురువు.

కొత్తలో తండ్రి అడిగాడు, నీ పనేమిటని.

"మిషిన్ తప్పు చెయ్యదని రుజువు చేసుడు బాపూ."

"తప్పు చెయ్యకపోతే నువ్వెందుకు బిడ్డా? చేస్తే నువ్వుండి ఏం లాభం?"

ఆమె ఆలోచించి గొర్రెల దొడ్డి పోలిక చెప్పింది. నిన్న తోడేలు రాలేదు కాబట్టి దొడ్డి గట్టిదే అనుకోవడం పరీక్ష. దొడ్డి చుట్టూ తిరిగి, ప్రతి ముళ్ళకంపా చేత్తో కదిలించి, దూరడానికి ఒక్క సందు కూడా లేదని తేల్చుకోవడం రుజువు. కంపెనీలన్నీ మొదటిది చేసి ఊరుకుంటాయి, రెండోది చేయడానికి నన్ను పెట్టుకున్నారు అంది. ఐలేశానికి ఇది నచ్చింది. ఊళ్ళో అడిగినవాళ్ళకల్లా మా బిడ్డ షాద్‌నగర్‌ల దొడ్డి చూసుకుంటాంది అని చెప్పేవాడు. పెద్ద చదువు చదివి ఇదేం పని అని జనం ముక్కు మీద వేలేసుకునేవారు.

ఆమెను పెట్టుకున్నది చెన్నకేశవులు. పాలమూరు మనిషి. బోరు మోటర్లకు స్టార్టర్లు బిగిస్తూ మొదలుపెట్టి, షాద్‌నగర్‌లో ఫ్యాక్టరీలకు కంట్రోల్ పెట్టెలు తయారుచేసే కంపెనీ దాకా ఎదిగాడు. ఆయనకు రెండు గర్వాలు. ఒకటి, తన పెట్టె ఇంతవరకు ఒక్కటీ తిరిగి రాలేదు. రెండోది, కంపెనీ ముందు తాను పెంచిన పచ్చిక. బూట్లతో దాని మీద కాలు పెట్టినవాడికి ఆయన టీ కూడా పోయించడు.

అలాంటి మనిషికి మిర్యాలగూడ అవతల ఒక సిమెంటు ఫ్యాక్టరీ నుంచి పని వచ్చింది. ఆ ఫ్యాక్టరీకి సొంత రైలు పట్టాలున్నాయి. వాటిని ఒక ఊరి బాట అడ్డంగా దాటుతుంది. అక్కడ ఒక గేటు, గేటుకు ఒక కాపలాదారు. పాత పద్ధతిలో గేటు కడ్డీని హ్యాండిల్ తిప్పి చేత్తో దించాలి. కడ్డీ పూర్తిగా దిగి కూర్చుంటేనే దాని తాళంచెవి బయటికి వస్తుంది. ఆ చెవి స్టేషను గదికి చేరాకే రైలుకు సిగ్నల్. ఇదంతా ఆలస్యమని ఫ్యాక్టరీవాళ్ళు కొత్త పెట్టె అడిగారు. తాళంచెవి ఉండదు. గేటు మూసుకుందని పెట్టె తానే కనిపెట్టి, తానే రైలుకు పచ్చలైటు ఇస్తుంది.

ప్రోగ్రాము రాసింది రిత్విక్ అనే కుర్రవాడు. చురుకైనవాడే. కడ్డీ కింద స్విచ్ పెడితే సిమెంటు దుమ్ముకు పూడుకుపోతుందని పైన మాత్రమే పెట్టాడు. కడ్డీ పై స్విచ్ నుంచి కదిలిందా, చేత్తో దించినా మోటరుతో దించినా సరిపోయేంత సమయం గడిచిందా, అయితే గేటు మూసుకున్నట్టే. పచ్చలైటు వెయ్యి. అంతే సూత్రం.

నాగరాణి ఆ ప్రోగ్రామును తన గణితంలోకి దించింది. ప్రతి రుజువుకూ ముందుగా కొన్ని మాటలు ఒప్పుకోవాలి. కడ్డీ దిగడం మొదలైతే కిందిదాకా దిగుతుంది, నడుమ ఆగదు అన్నది వాటిలో ఒకటి. ఫ్యాక్టరీవాళ్ళు గీసి పంపిన బొమ్మల్లో అలాగే ఉంది, ఆమె ఒప్పుకుంది. గేటు తెరిచి ఉండగా పచ్చలైటు పడే దారి ఒక్కటైనా ఉందా అని కంప్యూటరును వెతకమంది. కంప్యూటరు అన్ని దారులూ తిరిగి వచ్చి లేదంది. నాగరాణి సంతకం పెట్టింది. బయటి తనిఖీవాళ్ళు ఆ సంతకం చూసి సరేనన్నారు. చెన్నకేశవులు మైసూర్‌పాక్ పంచాడు.

పెట్టె బిగించేముందు ఆ జాగా ఒకసారి చూసి, నాలుగు ఫోటోలు తీసుకురమ్మని ఆమెను పంపారు.

గేటు దగ్గర కాపలాదారు కాటమయ్య ఆమెకు స్టూలు వేసి, రేకు డబ్బాలోంచి టీ పోసి ఇచ్చాడు. ఎవరి బిడ్డవని అడిగాడు. గొర్రెలోళ్ళ పిల్లనంటే, అయితే మనోళ్ళే అన్నాడు. అంతలో ఒక మంద వచ్చింది. సగం పట్టాలు దాటిందో లేదో స్టేషను నుంచి గంట మోగింది. కాటమయ్య లేచి హ్యాండిల్ తిప్పాడు. కడ్డీ మనిషి నడుము ఎత్తుకు దిగింది. అక్కడ ఆపి, హ్యాండిల్ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. లారీలు ఆగిపోయాయి, మోటారుసైకిళ్ళు ఆగిపోయాయి. మిగిలిన సగం మంద కడ్డీ కిందనుంచి నీళ్ళలా జారి పట్టాలు దాటింది. వెనకాల కర్ర పట్టుకున్న మనిషి తల వంచి దూరి, అవతల లేచి, వెనక్కి చూడకుండానే చెయ్యి ఎత్తాడు. కాటమయ్య అప్పుడు కడ్డీని పూర్తిగా దించాడు. దాన్ని గొర్రె గేటు అంటారట అక్కడ. మోటరు వచ్చినా నేను హ్యాండిలే వాడుత, మోటరుకు మంద తెల్వదు గద అన్నాడు.

నాగరాణికి ఎంత ముద్దొచ్చిందో. ఇంత మర్యాద తెలిసిన మనిషి ఎక్కడో మిర్యాలగూడ అవతల ఉన్నాడని బాపుకు చెప్పాలనుకుంది. మంద కడ్డీ కింద దూరుతుండగానే ఒక ఫోటో తీసింది, తరువాత కప్పు కడిగి ఇచ్చి, మిగతా ఫోటోలు తీసుకుని బస్సెక్కింది.

పట్నంలో పుట్టిన ఇంజనీరు అయితే అక్కడే అరిచేవాడు. ఆమె గొర్రెలవాళ్ళ బిడ్డ. మంద దాటేదాకా ఆగడం ఆమెకు వింత కాదు, గాలి పీల్చినంత మామూలు. అందుకే కళ్ళెదుట కడ్డీ నడుమ ఆగి నిలబడినా ఆమెకు కడ్డీ కనబడలేదు, మర్యాదే కనబడింది. బస్సు నార్కట్‌పల్లి దాటాక, కిటికీలోంచి ఏ గొర్రెలూ లేని ఖాళీ పొలాలు చూస్తుంటే ఒక్కసారిగా ఆ కడ్డీ కనబడింది. కడ్డీ నడుమ ఆగదు అన్న మాట మీద ఆమె సంతకం ఉంది. నడుమ ఆగిన కడ్డీని ఆమె ఇప్పుడే టీ తాగుతూ చూసి వచ్చింది. పాత తాళంచెవి ఉన్నంతకాలం గొర్రె గేటుతో ఏ ప్రమాదమూ లేదు, కడ్డీ కూర్చోనిదే రైలు కదలదు. కొత్త పెట్టెకు ఆ ఓపిక లేదు. తన సమయం తాను లెక్కపెట్టుకుని, పట్టాల మీద మంద ఉండగానే ఇంజనుకు పచ్చలైటు వేస్తుంది. మంద వెనక మనిషి ఉంటాడు.

దొడ్డి చుట్టూ తిరిగి ప్రతి కంపా కదిలించిన మాట నిజమే. కానీ ఆ దొడ్డి కాగితం మీదిది.

మరునాడు ఆమె చెన్నకేశవులు గదిలోకి పోయి, నా సంతకం వాపస్ తీసుకుంటున్నానని చెప్పింది. ఆయన మొదట రుజువులో తప్పు దొర్లిందా అని అడిగాడు. రుజువులో తప్పు లేదు, ఆ రుజువుకు సరిపోయే గేటే లోకంలో లేదు అని ఆమె జవాబు. రిత్విక్‌ను పిలిచారు. గేటు సగం దించకూడదని రూలు పుస్తకంలో రాస్తే సరిపోతుంది కదా, అప్పుడు మనం ఒప్పుకున్న మాట నిజమవుతుంది అన్నాడతను. చెన్నకేశవులుకు ప్రాణం లేచొచ్చింది.

"రూలు ఎవరికి రాస్తవ్ రిత్విక్? మనిషికి రాస్తవ్. మరి మందకు?" అంది నాగరాణి.

చివరికి చెన్నకేశవులు ఒక ఒప్పందానికి వచ్చాడు. ఫ్యాక్టరీకి పోదాం, అడుగుదాం. గేటు సగం దించుతున్నామని వాళ్ళ మనిషి ఒప్పుకుంటే పెట్టె ఆపేస్తాను. లేదంటే నువ్వు నోరు మూసుకోవాలి. ఆమె ఆ రెండో మాటకు ఊకొట్టలేదు. ఆయన గమనించలేదు.

ఫ్యాక్టరీ ఆఫీసులో రైలు పనులు చూసే మేనేజరు సంగతి విని, కాటమయ్యను పిలిపించాడు. కాటమయ్య టోపీ చేతిలో పట్టుకుని వచ్చాడు. గేటు ఎప్పుడైనా సగంలో ఆపావా, ఆపినట్టు తేలితే ఈరోజే ఇంటికి పంపిస్తాను, నిజం చెప్పు అన్నాడు మేనేజరు. నిజం రాబట్టడానికి ఇంతకంటే మంచి పద్ధతి ఆయనకు తెలియదు పాపం.

కాటమయ్య నాగరాణి వైపు చూడలేదు. "ఎన్నడు ఆపలే సార్. పూర్తిగనే దించుత."

గదిలో అందరూ ఆమె వైపు తిరిగారు. ఫోటోలు ఆమె ఫోనులో ఉన్నాయి. ఒకదాంట్లో కడ్డీ నడుమ, దాని కింద గొర్రెల వీపులు, పక్కన హ్యాండిల్ మీద కాటమయ్య చెయ్యి. తీస్తే ఒక్క నిమిషంలో ఆమె గెలుస్తుంది. ఆ నిమిషం తరువాత కాటమయ్యకు ఆ గేటు ఉండదు. ఫోను సంచిలోనే ఉండిపోయింది.

"కాక చెప్పింది కరెక్టే. నాకు గాయన మీద ఏ ఫిర్యాదు లేదు. అయినా పెట్టె రావద్దు" అంది.

మేనేజరు నవ్వాడు. ఎవరూ చేయని పని గురించి ఇంత గోల దేనికి అన్నాడు. చెన్నకేశవులు మొహం మాడిపోయింది. తిరుగు ప్రయాణంలో కారు చిట్యాల దాటింది. అప్పుడు ఆయన ఒక్కసారిగా పేలాడు. మాట తప్పినవు, నా ఇజ్జత్ తీసినవు, నోరు మూసుకుంటనన్నవు గద అన్నాడు.

"మీరన్నరు సార్. నేననలే."

తెల్లారి ఆమె కాటమయ్య ఉన్న ఫోటోను తుడిచేసింది. సంతకం వాపస్ తీసుకుంటున్నట్టు తనిఖీవాళ్ళకు రాసింది. ఇక రిత్విక్ సంతకం పెట్టాలని చెన్నకేశవులు దగ్గరినుంచి మాట వచ్చింది. రిత్విక్ ఒకరోజు కడుపునొప్పి అన్నాడు, మరునాడు పన్నునొప్పి అన్నాడు. ఇంతలో ఫ్యాక్టరీవాళ్ళు పెట్టెను చూసి ఒప్పుకునే రోజు దగ్గరపడింది. కంపెనీ ముందే పచ్చిక అంచున రెండు పట్టాల ముక్కలు పరిచి, వాటికి అడ్డంగా నిజమైన గేటు పాతి, దీపాల స్తంభం నిలబెట్టారు. పెట్టె ఆ రోజు వాళ్ళ కళ్ళముందు పనిచేస్తే మరునాడే లారీ ఎక్కుతుంది. ఆ రోజు సెలవు పెట్టుకొమ్మని చెన్నకేశవులు నాగరాణికి మెత్తగా చెప్పాడు. సెలవు తరువాత తిరిగి రాకపోయినా ఫరవాలేదన్నట్టు ఉంది ఆ మెత్తదనం.

ఆమె సెలవు పెట్టింది. పొద్దున్నే పారిశ్రామికవాడ వెనక గుట్ట కిందికి నడిచింది. అక్కడ సాయిలు అనే ముసలాయన మంద మేపుతుంటాడు. ఫ్యాక్టరీలు వచ్చి మేత జాగాలన్నీ మింగాయని ఆయనకు కడుపుమంట. మందను మా కంపెనీ ముందు గేటు దాటించాలి, పదిమంది చూస్తుండగా అని ఆమె అడిగింది. సాయిలు నమ్మలేదు. లోపలికి రానిచ్చి దొంగతనం అంటగడితే ఎట్లా అన్నాడు.

"నేనుంట తాతా, మందకు ముందు. నన్ను దాటే మీ దాక రావాలె ఎవరైనా."

"మేతుందా లోపల?"

"తివాచి పరిచినట్టుంటది."

సాయిలు కర్ర అందుకున్నాడు.

పదకొండు గంటల ప్రాంతంలో మేనేజరు, ఆయనతో వచ్చిన పెద్దలు, చెన్నకేశవులు గేటు చుట్టూ నిలబడి ఉన్నారు. రిత్విక్ పెట్టె దగ్గర ఉన్నాడు. మోటరుతో కడ్డీ దించారు, పచ్చలైటు పడింది, చప్పట్లు కొట్టారు. కడ్డీ లేపారు, ఎర్రలైటు పడింది, మళ్ళీ చప్పట్లు. అప్పుడు వీధి గేటు దగ్గర వాచ్‌మన్ కేక వినబడింది. గేట్‌పాస్ లేనిదే ఎవరినీ పంపనని అతను సాయిలుతో వాదిస్తున్నాడు. వాదన సాయిలుతో నడుస్తుండగా గొర్రెలు అతని కాళ్ళ సందునుంచి లోపలికి వచ్చేశాయి.

వాటికి ముందు నాగరాణి. పలకరింపులు లేవు, సంజాయిషీ లేదు. నేరుగా గేటు దగ్గరికి నడిచి హ్యాండిల్ పట్టుకుంది. మంద ముందుభాగం పట్టాల ముక్కలు దాటి అవతల పచ్చిక మీద పడింది. ఆమె హ్యాండిల్ తిప్పింది. కడ్డీ నడుము ఎత్తుకు దిగి ఆగింది. వెనకనున్న గొర్రెలు తలలు వంచి దాని కిందికి దూరాయి.

చెన్నకేశవులు గొర్రెలను చూడలేదు, గేటును చూడలేదు. తన పచ్చికను చూస్తున్నాడు.

"లైటు సూడండి సార్," అంది నాగరాణి.

కొంతసేపు ఎర్రగానే ఉంది. మేనేజరు గడియారం చూసుకుని, ఈ తమాషా చాలు అనబోయాడు. పట్టాల మధ్య గొర్రెలు ఇంకా నడుస్తూనే ఉన్నాయి. ఒకటి మధ్యలో ఆగి, ఇనుము వాసన చూసి, తీరిగ్గా ముందుకు పోయింది. అప్పుడు దీపం మారింది.

"గ్రీన్ పడింది," అన్నాడు రిత్విక్. ఎవరూ అడగలేదు. అయినా మళ్ళీ అన్నాడు, ఈసారి గట్టిగా. "గేటు సగంలో ఉంది. మనం గ్రీన్ ఇచ్చినం."

మేనేజరు మొదట తేరుకున్నాడు. ఇది ఎవరైనా చేయిస్తే జరుగుతుంది, మామూలుగా ఎవరూ చేయరు, మా మనిషి కూడా చేయనని మీముందే చెప్పాడు కదా అన్నాడు. ఇంతకూ గేటు సగం దించేది ఎవరు, పేరు చెప్పండి, వెంటనే చర్య తీసుకుంటాను అన్నాడు.

నాగరాణి హ్యాండిల్ వదల్లేదు. ఆఖరి గొర్రె దాటేదాకా ఆగింది. సాయిలు వంగి దూరి అవతలికి పోయాడు. అప్పుడు కడ్డీని పూర్తిగా దించి, చేతులు దులుపుకుని చెప్పింది.

"నేను. నాగరాణి, ఐలేశం బిడ్డ. మీ కండ్ల ముందట దించిన. ఇంకోసారి మంద వస్తె ఇంకోసారి దించుత. పేరు రాసుకోండి, చర్య తీసుకోండి. కానీ పచ్చలైటు ఇచ్చింది నేను గాదు, మీరు కొనబోయే పెట్టె."

పెట్టె ఆ లారీ ఎక్కలేదు. కానీ పోరు అక్కడితో అయిపోలేదు. గేటు సగం ఆపితే సైరన్ మోగేలా చేద్దాం, కాపలాదారు భయపడి మానేస్తాడు అని మేనేజరు ఉత్తరం రాశాడు. చెన్నకేశవులుకు అదీ బాగానే ఉందనిపించింది. నాగరాణి ఒప్పుకోలేదు. సైరన్ మోగితే మంద బెదిరి పట్టాల మీదే చెల్లాచెదరవుతుంది, గేటు దించే మనిషికి శిక్ష వేసే యంత్రం నేను చేయను, రైలును ఆపే యంత్రమైతే చేస్తాను అంది. ఆగడం నేర్చుకోవలసింది మంద కాదు, మనిషీ కాదు, పెట్టె. ఈ ముక్క ఆమె వారం రోజులపాటు ఎదురైన ప్రతివాడికీ చెప్పింది. ఆఖరికి ఇంక వినలేక కింద కూడా ఒక స్విచ్ పెట్టడానికి ఒప్పుకున్నారు. దుమ్ము పడకుండా దానికి రబ్బరు తొడుగు వేశారు. ఆ తొడుగు చెన్నకేశవులు తన బోరు మోటర్ల రోజుల అలవాటుతో స్వయంగా కత్తిరించాడు. పచ్చిక సంగతి మాత్రం ఆయన ఇప్పటికీ క్షమించలేదు.

కొత్త గణితంలో గేటుకు ఇంకొక స్థితి వచ్చింది. పైన కాదు, కింద కాదు, నడుమ ఆగి ఉన్నది. అలా ఎంతసేపు ఉన్నా రైలుకు ఎర్రలైటే. ఆ స్థితికి ప్రోగ్రాములో ఒక పేరు పెట్టాలి. నాగరాణి "గొర్రె" అని పెట్టింది. బయటి తనిఖీవాళ్ళు నవ్వుతారు, ఏదైనా పద్ధతైన పేరు పెడదామని రిత్విక్ బతిమాలాడు. మారుస్తే సంతకం పెట్టనంది. తనిఖీవాళ్ళు నవ్వారేమో తెలియదు, ఒప్పుకున్నారు. కంప్యూటరు మళ్ళీ అన్ని దారులూ తిరిగి వచ్చి, గొర్రె ఉండగా పచ్చలైటు పడే దారి ఒక్కటీ లేదని చెప్పింది. ఆమె ఈసారి సంతకం పెట్టేముందు మిర్యాలగూడ బస్సెక్కింది. టీ మాత్రం వద్దంది. గేటు చుట్టూ నాలుగుసార్లు తిరిగింది, ప్రతిదీ చేత్తో తడిమి చూసింది. కాటమయ్య ఏమైనా చెప్పబోతే, మాట్లాడకు కాకా, నన్ను సూడనీ అని ఆపేసింది.

కాటమయ్య ఇప్పటికీ అదే గేటు మీద ఉన్నాడు. మంద వచ్చినప్పుడు ఏం చేస్తాడో అడిగినవాళ్ళకు, పూర్తిగనే దించుత అని చెబుతాడు.

ఈ సంగతి షాద్‌నగర్ టీకొట్ల నుంచి మోత్కూరు సంత దాకా పాకింది. పోయినచోటల్లా గొర్రెలు పెరిగాయి. ఐలేశం నోట్లో అయితే నిజం రైలే వచ్చి ఆగింది. చివరికి మొన్న హైదరాబాదులో యంత్రాల భద్రత మీద ఒక పెద్ద సభ జరిగితే, నాగరాణి మాట్లాడి కూర్చున్నాక ఆ సిమెంటు ఫ్యాక్టరీవాళ్ళలోనే ఒకాయన లేచి నవ్వుతూ అడిగాడు: అమ్మా, నిజంగా గొర్రెలను తోలుకొచ్చారా? ఇంతకీ గేటు సగం ఆపే ఆ కాపలాదారు ఎవరు? ఇప్పుడు అంతా అయిపోయింది కదా, చెప్పేయండి.

సభ అంతా ఆమె వైపు తిరిగింది. నాగరాణి మైకు దగ్గరికి లాక్కుంది.

"గొర్రెల్లేవు, కాపలాదారు లేడు. గట్ల ఏం జరగలే సార్. ఎవరో పనిలేనోళ్ళు పుట్టించిన్రు."